చైనా లిపికి ‘అధికారిక వ్యాకరణం’?

సందేహం: చేతిరాతలోని చైనా అక్షరాలను కంప్యూటరు ‘అధికారిక వ్యాకరణం’ సాయంతో, ‘పార్సింగ్’ చేసి గుర్తుపడుతుందని ఒక వ్యాసంలో చదివాను. వ్యాకరణం భాషకు ఉంటుంది గాని, రాసిన గుర్తుకు కూడా ఉంటుందా? పార్సింగ్‌ను తెలుగులో ఏమనాలి?

సమాధానం: ముందు ఆ ‘అధికారిక’ను కొట్టివేయండి. ఏ ప్రభుత్వమూ ముద్ర వేసిన వ్యాకరణం కాదది. ఫార్మల్ అనే ఆంగ్ల పదానికి నిఘంటువులో మొదట కంటబడిన అర్థాన్ని తెచ్చి అతికించారు. ఇలాంటి అనువాదాలు ఈమధ్య మరీ ఎక్కువయ్యాయి. అర్థం జోలికి పోకుండా రూపాన్ని మాత్రమే పట్టుకుని నియమాలు చెప్పేది కనుక, దాన్ని ‘రూపనిష్ఠ వ్యాకరణం’ అనడం మేలు. 1950ల్లో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ వాక్యాల కోసం చూపిన దారి ఇది.

ఇక అసలు సంగతి. గుర్తుకు వ్యాకరణం ఎందుకు ఉండకూడదు? వి, ఆ ఉపసర్గలు ముందు చేరిన కృ ధాతువు నుంచి పుట్టిన మాట వ్యాకరణం. విడదీసి చూపడమని అర్థం. తైత్తిరీయ సంహిత ఆరవ కాండలో ఒక కథ ఉంది. పూర్వం వాక్కు విభాగాలు లేకుండా ఉండేదట. దేవతలు ఇంద్రుణ్ణి ‘ఇమాం నో వాచం వ్యాకురు’ (మా ఈ వాక్కును విడదీసి చూపు) అని వేడుకున్నారు. ఆయన వాక్కు నడుమకు దిగి దాన్ని విడదీశాడు. ఆ కథలో తప్పొప్పుల ఊసే లేదు. వ్యాకరణమంటే తప్పులు పట్టే శాస్త్రమని అనుకోవడం, మార్కుల కోసం చదివే చదువుల వల్ల మనకు పట్టుకున్న భ్రమ. బౌద్ధులు ‘నీవు బుద్ధుడవు అవుతావు’ అని ముందుగా చెప్పే మాటనూ వ్యాకరణమే అన్నారు. ఆ అర్థంతో మనకిక్కడ పని లేదు.

చైనావారి చూపూ ఇలాంటిదే. షూ షెన్ అనే పండితుడు క్రీ.శ. 100 ప్రాంతంలో ‘షువోవెన్ జియేజి’ అనే నిఘంటువు కూర్చి, 9,353 లిపిసంకేతాలను 540 మూలభాగాల కింద పేర్చాడు. పేరులోని ‘జియే’కు విప్పడమని అర్థం. ఆ సంకేతంలోని భాగాలేమిటో తెలుసా? కొమ్ము, కత్తి, ఎద్దు. ఎద్దు కొమ్మును కత్తితో వేరుచేయడం! ఇంద్రుడు వాక్కుకు చేసిన పనినే షూ షెన్ రాతకు చేశాడు. వ్యాకరణమనే మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కంప్యూటరు చేయవలసిందీ అదే. సంకేతాన్ని భాగాలుగా విడదీసి, అవి సూత్రం ప్రకారం ఎలా అమరాయో చూడడమే పార్సింగ్. చెట్టు, నోరు అనే రెండు భాగాలు తీసుకోండి. చెట్టు పైన, నోరు కింద ఉంటే ఆప్రికాట్ పండు. నోరు పైన, చెట్టు కింద ఉంటే మందమతి. నోటిని పోలిన పెద్ద చట్రంలో చెట్టు ఇరుక్కుంటే చిక్కు, కష్టం. పైన–కింద, ఎడమ–కుడి, లోపల–బయట అనే సంబంధాలే ఇక్కడ సూత్రాలు. 1966లోనే అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నుంచి ఇలాంటి వ్యాకరణం వెలువడింది. ఆకృతులను ఈ మార్గంలో గుర్తించే విద్యకు చైనాలోని నాన్జింగ్‌లో పుట్టిన శాస్త్రవేత్త కె. ఎస్. ఫూ 1974లో పుస్తకమే రాశాడు.

చేతిరాతలోనే అసలు పరీక్ష. స్త్రీ, బిడ్డ పక్కపక్కన ఒదిగితే ‘మంచి’ అనే సంకేతం. రాసేవారు నడుమ కాస్త ఎడం వదిలారా, అది రెండు సంకేతాల మాటై ‘స్త్రీ’ అనే అర్థమిస్తుంది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాన్ని ఒకలా విరిస్తే రామకథ, మరోలా విరిస్తే భారతకథ. సూరన బుద్ధిపూర్వకంగా చేసినది ఇక్కడ రాసేవారి చెయ్యి తెలియకుండానే చేస్తుంది. మట్టి అనే సంకేతానికీ పండితుడు అనే సంకేతానికీ గీతలు అవే మూడు, అమరికా ఒకటే. కింది అడ్డగీత పొడవైతే మట్టి, పైది పొడవైతే పండితుడు. అందుకే ఈ సూత్రాలకు కొలతలు, సంభావ్యతలు జతచేస్తారు. నేటి న్యూరల్ నెట్‌వర్కులనే కంప్యూటరు ప్రోగ్రాములు వేల నమూనాలు చూసి సూత్రాలు చెప్పకుండానే నేర్చుకుంటాయి. అయినా, నేర్పని సంకేతాన్ని కూడా పోల్చుకోగలగాలని, భాగాలుగా విడదీయించే పద్ధతిని వాటిలోనూ మళ్లీ తెచ్చినవారున్నారు.

పార్సింగ్ అంటారా? వాక్యానికైతే ‘అన్వయం’ చక్కగా సరిపోతుంది. లిపిసంకేతానికి ‘విచ్ఛేదం’ అందామంటే విడదీయడమే వస్తుంది, సూత్రం ప్రకారం కూర్చి చూడడం రాదు. ‘అవయవాన్వయం’ నాకు నచ్చినా, పలకడానికి బరువేమో. కొంతకాలం పార్సింగ్ అనే రాసినా నేను తప్పుపట్టను. చైనా లిపిని ‘అక్షరమాల’ అని మాత్రం దయచేసి రాయకండి. వర్ణాలకు గుర్తులను వరుసగా పేర్చుకున్న మనవంటి లిపులకే ఆ మాట చెల్లుతుంది.