సుకుబాలో కుటుంబంతో ఉండగలమా? ఐదేళ్లు ఉన్నదాన్ని, చెబుతాను

జపాన్‌లో సుకుబాలో రీసెర్చ్ ఉద్యోగం వచ్చింది, ఆరేళ్ల పాప ఉంది, మా ఆవిడకి అక్కడ తోచదేమో, టోక్యోలో ఇల్లు తీసుకుని నేనే రోజూ రైల్లో తిరగనా అని అడిగారు. మీ ఆవిడ ఉండబోయే చోటే నేను ఐదేళ్లు ఉన్నాను. మావారు అక్కడ మెటీరియల్స్ సైన్స్‌లో పోస్ట్‌డాక్ చేశారు. సుకుబాలోనే ఇల్లు తీసుకోండి.

తెనాలి నుంచి వెళ్లిన కొత్తలో నాకు భాష రాదు. మన లైసెన్స్ అక్కడ నేరుగా చెల్లదు, పరీక్ష పెట్టి గానీ మార్చరు. అలాంటప్పుడు ఆడవాళ్లం సాయంత్రం ఇంటాయన ఎప్పుడొస్తారా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. నాకు ఆ అవసరం రాకుండా చేసింది అక్కడి నడక దారి. యూనివర్సిటీ దగ్గర మొదలై ఊరి నడిబొడ్డు మీదుగా దక్షిణాన అకత్సుకా పార్కు దాకా వెళుతుంది. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ తప్ప కార్లకి చోటు లేదు. పెద్ద రోడ్డు అడ్డొస్తే చాలాచోట్ల దారే వంతెనై పైనుంచి దాటేస్తుంది. ఇలాంటి దారులు ఊళ్లో అన్నీ కలిపి 48 కిలోమీటర్ల దాకా ఉన్నాయి. నాలుగేళ్ల మా పాపని చెయ్యి వదిలేసి నడవనిచ్చాను, గుండెల్లో దడ లేకుండా. మన ఊళ్లో ఏ రోడ్డు మీదా ఆ పని చెయ్యలేదు.

మా ఇల్లు నినోమియాలో. ఒకవైపు దోహో పార్కు చెరువు, ఇంకోవైపు వెళితే సెంట్రల్ లైబ్రరీ. లైబ్రరీ పక్కనే ఎక్స్‌పో సెంటర్ అని సైన్స్ మ్యూజియం, అందులో అసలు సైజులో 50 మీటర్ల జపాన్ హెచ్-2 రాకెట్ నమూనా నిలబెట్టి ఉంటుంది. చెట్ల పైనుంచి దాని ముక్కు కనిపిస్తే చాలు, "అమ్మా, లైబ్రరీ వచ్చేసింది" అని పాప పరుగు. అక్టోబర్‌లో దారి పొడవునా ఓక్ కాయలు రాలతాయి. దొంగురి అంటారు. నున్నగా, ముదురు గోధుమరంగులో, నెత్తిన చిన్న టోపీతో ఉంటాయి. పాప జేబుల నిండా తెచ్చి గిన్నెలో దాచుకుంది. వారం తిరిగేసరికి వాటిల్లోంచి తెల్లటి పురుగులు బయటికొచ్చాయి! పక్కింటావిడ చూసి, తెచ్చిన రోజే నీళ్లలో ఉడకబెట్టి ఆరబెట్టాలని చేతులతో సైగలు చేసి చూపించింది. మా స్నేహం అలా మొదలైంది.

ఆవిడది ఒసాకా. ఆ ఊళ్లో ఎవరిని కదిపినా ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. టోక్యో కిక్కిరిసిపోతోందని 1963లో ప్రభుత్వం ఇక్కడ పరిశోధనా నగరం కట్టాలని నిర్ణయించింది. అప్పటికిది ఎర్ర పైన్ తోపులు, పొలాలు. 1973లో యూనివర్సిటీ వచ్చింది, 1980 నాటికి పరిశోధనా సంస్థలు చాలావరకు తరలివచ్చాయి. అందుకే కొత్తవాళ్లని వింతగా చూడరు. మీ ఆవిడకి దీని విలువ అక్కడికి వెళ్లాక తెలుస్తుంది.

బాధంటే ఒకటే. కాంట్రాక్టులు మార్చిలో అయిపోతాయి, ప్రతి మార్చిలో ఎవరో ఒకరు వెళ్లిపోతారు. బాగా దగ్గరైన బంగ్లాదేశ్ అమ్మాయిని బస్సెక్కించి వచ్చిన రోజు నేను వంట చెయ్యలేకపోయాను. ఇక చలికాలంలో సుకుబా కొండ వైపు నుంచి పొడిగాలి కోసేస్తుంది. కొండ 877 మీటర్లే, కానీ చుట్టూ మైదానం కావడంతో ఊళ్లో చాలాచోట్ల నుంచి కనిపిస్తుంది. ఊరి నడిమధ్య దాటితే కారు లేకుండా కష్టం, అందుకే ఇల్లు ఆ నడక దారికి దగ్గరగా చూసుకోమంటాను.

టోక్యో ఎటూ పోదు. 2005లో సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు మార్గం వచ్చాక టోక్యోలోని అకిహబరాకి వేగంగా వెళ్లే రైల్లో 45 నిమిషాలే. కందిపప్పు, కరివేపాకు, మనవాళ్లతో నాలుగు మాటలు కావాలనిపిస్తే ఆదివారం నిషి కసాయ్ వెళ్లేవాళ్లం. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండేది అక్కడే. మీరు టోక్యోలో ఉండి రోజూ తిరిగితే రైలు మీకు, నాలుగు గోడలు మీ ఆవిడకి మిగులుతాయి.

సుకుబాలో తకెజోనో, అజుమా, నినోమియా పేటల్లో ఇల్లు వెతకండి. వచ్చిన వారంలోనే సైకిళ్లు కొనేయండి, మీ ఆవిడది ముందు. వీలైతే మార్చిలోపే చేరుకోండి. అక్కడ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. ఒకటో తరగతిలో మొదటిరోజు పిల్లలందరూ కొత్తే కాబట్టి, వాళ్లతో పాటే చేరితే మీ పాపకి అంత బెరుకు ఉండదు.