సందేహాలు – సమాధానాలు: కుట్లు చింపాలా, విప్పాలా?

సందేహం: ఇంట్లో కుట్టుపని నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో చిన్న పాఠాలు రాస్తున్నాను. కుట్లు ఊడదీసే సీమ్ రిప్పర్‌ను ‘అతుకు చింపునది’ అనీ, సూదిని నెట్టడానికి వేలికొసకు పెట్టుకునే అంగుస్తానును ‘వేలి తొడుగు’ అనీ రాస్తే, చదివినవాళ్లు అవేం వస్తువులని నన్నే అడిగారు. వీటికి సరైన పేర్లేమిటి? అంగుస్తాను అనే మాట అంగుష్ఠం నుంచి పుట్టిందంటారు, నిజమేనా? కాజా, బొత్తాం తెలుగు మాటలేనా? కుట్టుమిషనులో కింది దారం చుట్టిపెట్టే బాబిన్‌కు మన మాట ఏదైనా ఉందా? వీటన్నిటినీ కలిపి పనిముట్లు అనాలా, పరికరాలు అనాలా?

సమాధానం: అమ్మా, ‘అతుకు చింపునది’ అన్న పేరును ముందుగా తీసేయండి. అతుకు అనగానే చదువరికి చిరుగుమీద వేసిన మాసిక గుర్తొస్తుంది. అదైనా సర్దుకోవచ్చు గాని, ‘చింపు’ మాత్రం పనినే చెడగొడుతుంది. ఈ పనులలో ఒక్కోదానికి తెలుగులో ఒక్కో క్రియ ఉంది. గుడ్డ చిరుగుతుంది, దారం తెగుతుంది, కుట్టు ఊడుతుంది. మన చేత్తో చేసినప్పుడు గుడ్డను చింపుతాం, దారాన్ని తెంపుతాం, కుట్టును విప్పుతాం లేదా ఊడదీస్తాం. ఆపరేషన్ అయినవాళ్లకు డాక్టరు కుట్లు విప్పారంటాం గాని చింపారనం. ఇంగ్లీషు పేరులోని క్రియను ఉన్నదున్నట్టు దించుకుంటే, నేర్చుకునేవాళ్లు దాన్ని నమ్మి రెండు ముక్కలనూ చెరోవైపు లాగి, మధ్యలో కత్తి నడిపిస్తారు. జార్జెట్టు, షిఫాన్ వంటి పలచని గుడ్డల్లో అప్పుడు తెగేది కుట్టుదారం కాదు, నేత పోగులు.

ఆ వస్తువు చేసే పని చూస్తే పేరు దానంతటదే దొరుకుతుంది. దాని కొసన రెండు కొమ్ములుంటాయి. ఒకటి పొడుగ్గా, సూదిమొనలా ఉంటుంది. రెండోది పొట్టిగా ఉండి చివర చిన్న పూస ఉంటుంది, ఎక్కువగా ఎర్రది. పదును ఉండేది మొనకు కాదు, రెండు కొమ్ముల నడుమ పంగలో. పొడుగు మొనను ఒక్క కుట్టు కిందికి దూర్చి, పంగ తగిలేదాకా నెడితే దారం తెగుతుంది. అన్ని కుట్లూ తెంపనక్కర్లేదు. ఒకవైపున మూడు నాలుగు కుట్లకొకటి తెంపుకుంటూ జానెడు దూరం వెళ్లి, గుడ్డను తిప్పి రెండోవైపు దారం లాగితే పొడుగ్గా వచ్చేస్తుంది. మిగిలిన చిన్న ముక్కలు దులిపితే రాలిపోతాయి. పంగలో పదును పోయినప్పుడు బలం పెట్టి నెడతారు, అది జారి గుడ్డలో దిగుతుంది. దాన్ని సానపట్టడం కుదరదు, కొత్తది కొనుక్కోవాల్సిందే.

కాబట్టి పాఠంలో మొదటిసారి ‘కుట్లు విప్పే రిప్పర్’ అనండి, తర్వాత రిప్పర్ అంటే చాలు. కొట్టులో అడిగేదీ ఆ పేరుతోనే. వాక్యంలో క్రియ ‘విప్పండి’ అనే ఉండాలి, ‘కత్తిరించండి’ అని కూడా రాయకండి. కత్తిరించడం కత్తెర పని.

‘వేలి తొడుగు’ అంటే చదువరి గ్లౌజు వేలును ఊహించుకుంటాడు. అంగుస్తాను వేలంతా కప్పేది కాదు. కుట్టేచేతి నడిమివేలి కొసకు పెట్టుకునే చిన్న లోహపు టోపీ అది. దానిమీద చిన్న చిన్న గుంటలుంటాయి. సూది మొద్దుకొస ఆ గుంటలో ఆనుతుంది కనుక నెట్టినప్పుడు పక్కకు జారదు. దర్జీలలో చాలామంది పైభాగం తెరిచి ఉన్న, ఉంగరంలాంటి అంగుస్తానును వాడి వేలి పక్కతో నెడతారు. చేయి కిందికి వేలాడదీసినప్పుడు జారిపడకూడదు, తీశాక వేలిమీద అచ్చు పడకూడదు, అదే సరైన సైజు. ఇంత పని చేసే వస్తువుకు జనం వాడే పేరు ఒకటి ఉండగా కొత్తది కట్టడం దండగ.

ఇక దాని పుట్టుక. పారసీకంలో ‘అంగుష్త్’ అంటే వేలు, ‘అంగుష్తానా’ అంటే వేలికి పెట్టుకునేది. ఉర్దూ మీదుగా దర్జీల నోట మనకు అంగుస్తాను అయింది. సంస్కృతంలోని అంగుష్ఠం అంటే బొటనవేలు. ఈ రెండు మాటలూ ఒకే మూలం నుంచి వచ్చిన దాయాదులు, అంతేగాని ఒకటి రెండోదాని బిడ్డ కాదు. అర్థం చూసినా, అంగుస్తాను బొటనవేలికి పెట్టుకునేది కాదు గదా! కొందరు ‘అంగుళిత్రాణం’ అని సూచిస్తుంటారు. అది వింటినారి ఒరుసుకోకుండా విలుకాడు వేళ్లకు కట్టుకునేది. దాన్ని విలుకాడికే వదిలేద్దాం.

కాజా, బొత్తాం రెండూ పోర్చుగీసు నుంచి వచ్చినవి. బొత్తాం వారి ‘బొతావ్’. ‘కాజ’ అంటే వారి భాషలో ఇల్లు, బొత్తాం దూరే రంధ్రానికీ అదే పేరు. బొత్తాం ఇల్లన్నమాట. తెలంగాణలో బొత్తాన్ని గుండీ అనడం ఎక్కువ, అది హిందీ ‘ఘుండీ’. తినే కాజాకు దీంతో చుట్టరికం లేదు, దాని దారి ‘ఖాజా’ నుంచి.

కాజా అనే మాటకు మన దర్జీలు చేసిన మేలు ఒకటుంది, అది మీ పాఠంలో తప్పక చెప్పాలి. చొక్కాకు కాజా అంటే కంత. జాకెట్టుకు ‘హుక్కులూ కాజాలూ కుట్టాలి’ అన్నప్పుడు కాజా అంటే కొక్కెం తగులుకునే దారపు ఉంగరం. గుడ్డలో కంత ఉండదు, మూడు నాలుగు పోగులమీద కాజాకుట్టు చుట్టి చేస్తారు. ‘పట్టుకునేది’ అన్న భావం నిలిచి, ‘కంత’ అన్న భావం రాలిపోయింది. నేర్చుకునేవాళ్లు తికమకపడకుండా ‘చొక్కా కాజా’, ‘దారం కాజా’ అని విడదీసి రాయండి. చొక్కా కాజా పొడవంటే బొత్తాం అడ్డుకొలతకు దాని మందం కలపాలి. 12 మిల్లీమీటర్ల బొత్తాం 3 మిల్లీమీటర్ల మందం ఉంటే కాజా 15 మిల్లీమీటర్లు. మందం కలపడం మరిచిపోతే బొత్తాం దూరేటప్పుడల్లా కాజా అంచులు లాగుకుపోయి దారం పీచులేస్తుంది. మిషను మీద కుట్టిన కాజాను రిప్పర్‌తో తెరిచేటప్పుడు, చివర అడ్డకుట్టుకు ఇవతల ఒక గుండుసూదిని అడ్డంగా గుచ్చి పెట్టాలి. లేకపోతే ఒక్క ఊపున అడ్డకుట్టు కూడా తెగిపోతుంది.

బాబిన్ సంగతికి వస్తే, మాట మన మగ్గం దగ్గరే ఉంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తేది నాడె, దానిలోపల నూలు చుట్టి పెట్టేది కండె. మొక్కజొన్న కండె అంటామే, ఆ ఆకారమే. ఇంగ్లీషువాళ్లు కుట్టుమిషనులో కింది దారాన్ని మోసే భాగానికి షటిల్, అంటే నాడె, అని పేరు పెట్టిందీ తమ మగ్గం మాట తెచ్చుకునే. 1846లో ఎలియాస్ హోవ్ అమెరికాలో పేటెంటు పొందిన మిషనులో అది నాడెలాగే అటూ ఇటూ కదిలేది. వాళ్లకు చెల్లింది మనకూ చెల్లుతుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1971లో నేతపని మాటలతో ఒక వృత్తి పదకోశమే కూర్చారు. అలాంటి మాటలు చేనేత ఊళ్లు దాటి రావాలని నాకు ఎంతో కోరిక. అయినా మీ పాఠంలో బాబిన్ అనే రాయండి, పక్కన ‘కింది దారం కండె’ అని ఒకసారి చెప్పండి. విడిభాగం కొనడానికి వెళ్లిన మనిషి కండె అని అడిగితే కొట్టువాడికి అర్థం కాదు.

కుట్టుమిషనుకు నిజంగా కావలసిన తెలుగు మాటలు రెండు ఉన్నాయి: పై దారం, కింది దారం. ‘కింద దారం వదులుగా పడుతోంది’ అని చాలామంది బాబిన్ ఉండే కేసుకున్న మర తిప్పేస్తారు. గుడ్డ అడుగున గుత్తులుగా కనిపించేది పై దారమే. అది దారాన్ని బిగించే బిళ్లల మధ్య కూర్చోకపోవడమే ఎక్కువసార్లు కారణం. గుడ్డను నొక్కిపట్టే ఫుట్టు పైకి లేపి ఉంచి దారం మళ్లీ ఎక్కించాలి. దించి ఉంచితే బిళ్లలు మూసుకుని దారాన్ని లోపలికి పోనివ్వవు. ‘అడుగున కనిపించేది పై దారం’ అని ఒక్క వాక్యం రాస్తే ఎన్నో మిషన్లు బాగుచేసే మనిషి దాకా వెళ్లకుండా ఆగుతాయి.

పనిముట్టులో ‘ముట్టు’ అంటేనే పని చేసుకునే వస్తువు. కత్తెర, రిప్పర్, అంగుస్తాను, టేపు, సూదిలో దారం ఎక్కించే తీగ, ఇవన్నీ పనిముట్లే. లోపల కదిలే యంత్రభాగం ఉన్నదాన్ని, మోటారునో బాబిన్ చుట్టేదాన్నో, పరికరం అనవచ్చు. ఇది వ్యాకరణ నియమం కాదు, వాడుకలో నిలిచిన ఒద్దిక. పెట్టెమీద ‘కుట్టు పనిముట్లు’ అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మీ పాఠంలో ‘పెద్ద నంబరు సూది తీసుకోండి’ అని ఉంటే మార్చండి. చేతిసూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 3 కన్నా 9 సన్నం. మిషను సూదుల్లో దీనికి తలకిందులు, 11 కన్నా 16 లావు. మిషను సూదుల పొట్లం మీద 90/14 అని జంట అంకెలుంటాయి, అందులో 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటరు. కాబట్టి ‘జాకెట్టు గుడ్డకు మిషను సూది, 14 నంబరు’, ‘హెమ్మింగుకు సన్నని చేతిసూది, 9 నంబరు’ అని సూది రకమూ అంకే కలిపి రాయండి.