విమానంలోని గాలి గురించి రాస్తున్న యువ రచయితకు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

విమానంలో ప్రయాణికులు పీల్చే గాలి గురించి నువ్వు పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. సమాచారంలో పెద్ద తప్పులేమీ లేవు కానీ, పేజీ నిండా విడిభాగాల పేర్లే ఉన్నాయి తప్ప అవి అక్కడ ఎందుకున్నాయో ఎక్కడా కనిపించలేదు. ప్రీకూలర్, హై స్టేజ్ వాల్వ్, ప్యాక్ అంటూ ఒక్కొక్కదాన్నీ పరిచయం చేసుకుంటూ పోతే పాఠకుడు మూడో పేరు దగ్గరే పేజీ తిప్పేస్తాడు. ఇంజిన్‌లో చొరబడిన గాలి వెంటే నడిచి, అది ప్రయాణికుడి ముఖాన్ని తాకేదాకా వదలకుండా, ప్రతి మలుపులోనూ ఈ భాగం లేకపోతే ఏమయ్యేదన్న ప్రశ్నకు జవాబు రాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే. నీ వ్యాసం మీదే చేసి చూపిస్తాను.

అన్నిటికన్నా ముందు పాఠకుడికి తట్టే ప్రశ్నను నువ్వు పట్టించుకోలేదు. 35,000 అడుగుల ఎత్తున బయటి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 54 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు, క్యాబిన్ గాలిని చల్లబరచడానికి ఇంత సరంజామా ఎందుకు? అక్కడి గాలి చల్లనిదే కాదు, పలుచనిది కూడా. దాని పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో నాలుగో వంతుకు మించదు. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కినట్టే, ఆ పలుచని గాలిని మనం పీల్చదగిన పీడనానికి నొక్కితే అది వేడెక్కి తీరుతుంది. ఎలాంటి నష్టాలూ లేని కంప్రెసర్ ఉందనుకుని లెక్క వేసినా, క్యాబిన్ పీడనానికి తెచ్చేసరికే ఆ మైనస్ 54 డిగ్రీల గాలి 30 డిగ్రీల దాకా వస్తుంది. ఇంజిన్ కంప్రెసర్ అయితే దాన్ని అంతకన్నా ఎన్నో రెట్లు నొక్కుతుంది కాబట్టి వందల డిగ్రీలు పలుకుతుంది. ఈ సంగతి మొదటి పేరాలోనే చెప్పేస్తే మిగిలిన వ్యాసమంతా దాని వెంట దానంతట అదే నడుస్తుంది.

ఇక గాలిని ఎక్కడి నుంచి తీస్తారన్నది. ఎయిర్‌బస్ ఎ320 తొలి తరం విమానాల్లో చాలావాటికి అమర్చిన సీఎఫ్ఎం56 ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకో. గాలిని దశలవారీగా నొక్కే దాని కంప్రెసర్‌లో 5వ దశ దగ్గర ఒక ద్వారం, 9వ దశ దగ్గర మరొకటి ఉంటాయి. రెండు ద్వారాలున్నాయని రాసి ఊరుకున్నావు. రెండెందుకన్నదే అసలు కథ. మామూలు ప్రయాణంలో 5వ దశ గాలి సరిపోతుంది. విమానం కిందికి దిగేటప్పుడు ఇంజిన్ వేగం బాగా తగ్గిపోతుంది కనుక అక్కడి పీడనం చాలదు. అప్పుడు హై స్టేజ్ వాల్వ్ తెరుచుకుని 9వ దశ గాలిని అందిస్తుంది. ఆ గాలి వెనక్కి తిరిగి 5వ దశలోకి పోకుండా దారిలో ఒక చెక్ వాల్వ్ కాపలా ఉంటుంది. మరి ఎప్పుడూ 9వ దశ నుంచే తీసుకోవచ్చు కదా అని పాఠకుడు అడుగుతాడు. అంత నొక్కిన గాలి మీద ఇంజిన్ ఎక్కువ ఇంధనం ఖర్చు పెట్టి ఉంటుంది, పైగా అది మరీ వేడిగా ఉంటుంది. అవసరం లేనప్పుడు దాన్ని ముట్టుకోకపోవడమే లాభం.

తర్వాత వచ్చే వాల్వ్ పీడనాన్ని చదరపు అంగుళానికి సుమారు 45 పౌండ్ల దగ్గర నిలబెడుతుంది. దాని పక్కనే ప్రీకూలర్ ఉంటుంది. ఇంజిన్ ముందున్న పెద్ద ఫ్యాన్ తోసే చల్లని గాలి ఒక వైపు నుంచి, వేడి బ్లీడ్ గాలి, అంటే కంప్రెసర్ నుంచి తీసిన గాలి, మరో వైపు నుంచి, ఒకదానితో ఒకటి కలవకుండా దీనిలో ప్రవహిస్తాయి. ఫ్యాన్ గాలి ఎంత రావాలో మరో వాల్వ్ నిర్ణయిస్తూ, బయటికి వచ్చే బ్లీడ్ గాలిని 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంచుతుంది. ఈ అంకెను నువ్వు రాశావు గాని, 200 డిగ్రీలే ఎందుకన్నది రాయలేదు. రెక్కల అంచులపై మంచు పేరుకోకుండా కాపాడేది కూడా ఈ గాలే కనుక అంతకన్నా బాగా చల్లబరచడానికి వీల్లేదు; దీని గొట్టాలు ఇంధన ట్యాంకులకు దగ్గరగా సాగుతాయి కనుక అంతకన్నా బాగా వేడిగా వదలడానికీ వీల్లేదు. గొట్టాల పొడవునా లీకేజీని కనిపెట్టే తీగలు చుట్టి ఉండడానికీ, హద్దు దాటగానే బ్లీడ్ వాల్వ్ మూసుకోవడానికీ కారణం ఇదే.

ప్యాక్ గురించి, అంటే ఈ గాలిని చల్లబరిచి క్యాబిన్‌కు పంపే యంత్రం గురించి, రాసిన భాగాన్ని పూర్తిగా తిరగరాయాలి. ఇంట్లోని ఏసీ లాంటిదేనని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ వాక్యం కొట్టెయ్యి. ఇంటి ఏసీలో చల్లబరిచే వాయువు వేరు, చల్లబడే గాలి వేరు. ఇక్కడ రెండూ ఒకటే. 200 డిగ్రీల గాలి మొదట ఒక హీట్ ఎక్స్ఛేంజర్‌లో బయటి గాలికి కొంత వేడిని అప్పగించి, ఆ తర్వాత ఒక చిన్న కంప్రెసర్‌లోకి వెళ్లి మళ్లీ వేడెక్కుతుంది. చల్లబరచవలసిన గాలిని వేడి చేయడమేమిటని పాఠకుడు ముక్కున వేలేసుకునే చోటు ఇదే, అక్కడ తొందరపడకు. గాలి ఎంత వేడిగా ఉంటే రెండో హీట్ ఎక్స్ఛేంజర్‌లో బయటి గాలికి అంత సులువుగా వేడిని వదులుతుంది. పీడనం ఎంత పెరిగితే ఆ తర్వాతి టర్బైన్‌లో అంత ఎక్కువగా వ్యాకోచిస్తుంది. టర్బైన్‌ను తిప్పే పనిలో తన శక్తిని ఖర్చు పెట్టి గాలి చల్లబడుతుంది. అలా తిరిగిన టర్బైనే అదే ఇరుసు మీదున్న కంప్రెసర్‌నూ, బయటి గాలిని లాగే ఫ్యాన్‌నూ తిప్పుతుంది. విమానం నేల మీద నిలబడి ఉన్నప్పుడు ఎదురుగాలి ఉండదు కనుక ఆ ఫ్యానే దిక్కు.

టర్బైన్‌లో గాలి నీరు గడ్డకట్టేంత చల్లగా మారగలదు కాబట్టి అందులోని తేమను ముందే తీసెయ్యాలి, లేకపోతే లోపల మంచు పేరుకుంటుంది. విశాఖ వాడివి కనుక దీన్ని నువ్వు పుస్తకం చూసి రాయనక్కర్లేదు. వర్షాకాలంలో ఇక్కడ విమానం ఎక్కి కూర్చున్నప్పుడు పైనున్న సందుల్లోంచి తెల్లటి పొగ కిందికి దిగడం, కొత్తవాళ్లు కంగారుగా తల పైకెత్తడం చూసే ఉంటావు. తెరిచిన తలుపుల్లోంచి వచ్చిన సముద్రపు తేమ చల్లటి గాలి తగలగానే మంచు పొగలా మారుతుంది, అంతే. ప్యాక్ లోపల విడదీసిన నీటిని మాత్రం పారబోయరు. హీట్ ఎక్స్ఛేంజర్‌కు వెళ్లే బయటి గాలిలోకి చిమ్ముతారు. అది ఆవిరవుతూ మరికొంత వేడిని పట్టుకుపోతుంది. నీ వ్యాసంలో లేని ఈ వివరమే నాకు అన్నిటికన్నా ముచ్చటైనది.

ఉష్ణోగ్రత నియంత్రణకు నువ్వు ఇచ్చిన చోటు చాలు, ఒక్కటి చేర్చు. కాక్‌పిట్‌కూ, క్యాబిన్ ముందు భాగానికీ, వెనుక భాగానికీ వేర్వేరు చల్లదనం కావాలంటే, అందరికన్నా ఎక్కువ చల్లదనం కోరిన చోటికి సరిపడేలా ప్యాక్‌లు పనిచేస్తాయి; మిగిలిన చోట్లకు వెళ్లే గాలిలో కొద్దిగా వేడి బ్లీడ్ గాలిని కలుపుతారు. ఫిల్టర్లలో వడగట్టిన క్యాబిన్ గాలి కూడా తాజా గాలితో కలుస్తుందని రాశావు, సరే. కానీ క్యాబిన్ పీడనాన్ని ఇంజిన్లు నియంత్రిస్తాయన్న వాక్యం మార్చు. లోపలికి గాలి దాదాపు నిలకడగా వస్తూనే ఉంటుంది. వెనుకనున్న ఔట్‌ఫ్లో వాల్వ్ ఎంత గాలిని బయటికి వదులుతుందన్న దాని మీదే పీడనం ఆధారపడుతుంది.

బోయింగ్ 787 సంగతిని మధ్యలోంచి తీసి చివర పెట్టు. 2011లో సేవలోకి వచ్చిన ఆ విమానం క్యాబిన్ కోసం ఇంజిన్ నుంచి గాలి తీసుకోదు. విద్యుత్తుతో నడిచే కంప్రెసర్లు బయటి గాలిని నేరుగా నొక్కుతాయి. అయినా దానికీ ప్యాక్‌లు ఎందుకున్నాయో, మొదటి పేరాలో నొక్కిన గాలి వేడెక్కుతుందని చెప్పి ఉంటే, పాఠకుడే గ్రహిస్తాడు. తిరగరాసిన ప్రతిలో ప్యాక్ భాగం పూర్తి కాగానే ముందు అది పంపు. మిగిలినది ఆ తర్వాత చూస్తాను.

ఆశీస్సులతో.