హేడిస్ అంటే పాతాళమా, నరకమా?

సందేహం: గ్రీకు పురాణకథల్నీ, ఇప్పటి ఇరాక్ ప్రాంతపు ప్రాచీన సుమేరు కథల్నీ తెలుగులో రాస్తున్నాను. గ్రీకు వీరుడు ఒడిస్సియస్ 'హేడిస్'కి వెళ్ళడాన్ని 'నరకానికి వెళ్ళాడు' అని రాస్తే, 'పాతాళం' అనాలని ఒక మిత్రుడు దిద్దాడు. ఏది సరైనది?

సమాధానం: రెండూ వద్దండి.

నరకమంటే మన చెవికి శిక్షే వినిపిస్తుంది. హేడిస్ అలాంటిది కాదు, మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ అని లేకుండా చచ్చినవాళ్ళంతా చేరే చోటు. హోమర్ కావ్యం 'ఒడిస్సీ' 11వ భాగంలో ఒడిస్సియస్‌కి అక్కడ కన్నతల్లి కనిపిస్తుంది, తను ఇల్లు విడిచేనాటికి బతికే ఉన్న తల్లి. మూడుసార్లు కౌగిలించుకోబోతాడు, మూడుసార్లూ నీడలా చేతుల్లోంచి జారిపోతుంది. ఇక్కడ 'నరకంలో తల్లి కనిపించింది' అని రాశారనుకోండి, కళ్ళు చెమర్చాల్సిన చోట చదివేవాడు ఆవిడేం తప్పు చేసిందా అని ఆలోచనలో పడతాడు, ఘట్టమంతా పాడైపోతుంది. గ్రీకు కథల్లో శిక్షలు పడే చోటైన టార్టరస్‌ని మాత్రం నరకమనండి, సరిపోతుంది.

ఇక పాతాళం. కింద ఉంటుందన్న ఒక్క పోలికతో వాడేస్తున్నారు గానీ అది మృతుల లోకం కానేకాదు. ఏడు అధోలోకాల్లో చివరిది, నాగులుండేది. స్వర్గం కంటే బాగుందని విష్ణుపురాణంలో నారదుడే చెబుతాడు. ఉదంకుడు కుండలాల కోసం నాగలోకానికి వెళితే అక్కడ చనిపోయినవాళ్ళెవరూ ఎదురుపడలేదు కదా. పైగా ఒడిస్సియస్ కిందికి దిగిందెక్కడ? ఓడలో లోకం అంచుదాకా వెళ్ళి, మూరెడు పొడవు మూరెడు వెడల్పు గొయ్యి తవ్వి, గొర్రెల నెత్తురు పారిస్తే ప్రేతాలే గుంపులుగా వచ్చాయి.

నా ఓటు 'యమసదనం'కే. హేడిస్ అనేది దేవుడి పేరు కూడా, ఆ చోటిని హోమర్ 'హేడిస్ ఇల్లు' అంటాడు. సదనమన్నా ఇల్లే. నచికేతుడు మూడు రాత్రులు ఎదురుచూసిన గడప గుర్తుంది కదా, ఆ భావం ఈ మాటలో చక్కగా పలుకుతుంది. యముడనగానే దున్నపోతూ పాశమూ కళ్ళముందుకొస్తాయని టెన్షన్ ఉంటే 'ప్రేతలోకం' అనండి. ప్రేత అంటే మొదటి అర్థం వెళ్ళిపోయినవాడనే, దయ్యమని కాదు.

సుమేరు కథకి మాత్రం యముడి పేరు అసలు అతకదు. అక్కడ మృతుల లోకానికి రాణి ఎరెష్కిగల్, ఆ లోకానికి దిగి వెళ్ళిన దేవత ఇనన్నాకి స్వయానా అక్క. ఏడు ద్వారాల దగ్గరా ఒక్కొక్క నగో వస్త్రమో ఒలిపించి, చివరికి ఇనన్నాని నగ్నంగా అక్క ముందు నిలబెడతారు. ఆ చోటికి సుమేరులు పెట్టుకున్న పేర్లలో ఒకదానికి 'తిరిగిరాని నేల' అని అర్థం. ఎవరైనా పోతే 'తిరిగిరాని లోకాలకు వెళ్ళిపోయారు' అని మనం రోజూ రాస్తూనే ఉన్నాం, ఇంకో మాట వెతకడం ఎందుకు? ఇనన్నా వెళ్ళింది తిరిగిరాని లోకానికి అని మొదట్లోనే రాయండి, ఆమె తిరిగొచ్చినప్పుడు ఆ మాట బరువేమిటో చదివేవాడికే తెలుస్తుంది.