జనరల్ కాంట్రాక్టరుకు నిజంగా మిగిలేదెంత?

జనరల్ కాంట్రాక్టరు అంటే కట్టడం పని మొత్తాన్ని ఒప్పుకుని వేర్వేరు పనివాళ్ళతో చేయించేవాడు. మీరు ఎలక్ట్రీషియనుగా చేతికందే కూలిని ఆయన వేసే బిల్లుతో పోల్చితే లెక్క తప్పుతుంది. "ఆయన ఖర్చు మీద 25 శాతం వేసుకుంటున్నాడు, నేనూ కాంట్రాక్టరుగా మారాలా?" అన్న ప్రశ్నకు ఈ వరుసలో లెక్క వేయండి.

1. ఖర్చు 100 అయితే బిల్లు 125. ఆ 25 బిల్లులో 20 శాతమే.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఆ 20 శాతం లాభం కాదు. ఆఫీసు అద్దె, బీమా, వాహనం, అంచనాలు వేసి ఇచ్చినా దక్కని పనులకు పోయిన రోజులు, పైపు తప్పుగా వేసినందుకు టైల్సు పగలగొట్టి మళ్ళీ అతికించే ఖర్చు, అన్నీ అందులోంచే పోవాలి. ఆయన సొంతంగా చేసే పర్యవేక్షణకు మరొకరిని పెడితే ఇవ్వవలసిన జీతాన్ని కూడా తీసివేయండి. అప్పుడు మిగిలేదే వ్యాపార లాభం.

3. బిల్లులో 5 నుంచి 10 శాతాన్ని పని చేయించుకునేవారు పని పూర్తయ్యేదాకా ఆపి ఉంచడం మామూలే కనుక, ఆ సొమ్మును చేతికొచ్చినట్లు లెక్కించకండి.

4. మీ కూలిని ఖాళీ రోజులతో సహా ఏడాదికి లెక్కగట్టి పోల్చండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియనుకు చిన్న కాంట్రాక్టరు కంటే ఎక్కువ మిగలడం అరుదేమీ కాదు.