పొద్దున్నే తల దిమ్ము: గదిలో గాలి కాదు, ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 48. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. తలుపులన్నీ మూసి ఏసీలో పడుకుంటాను. లేచేసరికి తల దిమ్ముగా ఉంటోంది, లైటు వేస్తే కళ్లు తెరవలేను. గంటలో సర్దుకుంటుంది. గురక ఎక్కువ. ఆక్సిమీటర్ 97 చూపిస్తోంది. రెండేళ్లుగా నిద్రకు ఆల్‌ప్రాజోలం 0.5 మి.గ్రా. మాత్ర డాక్టరు చీటీ లేకుండానే కొని వేసుకుంటున్నాను. గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మెదడుకు రక్తం తగ్గుతోందా? ఫంక్షనల్ ఎమ్మారై (మెదడులో రక్తప్రసరణ మార్పులు చూపే స్కాన్) తీయించమంటారా?

జవాబు: మీరు అనుకుంటున్నదానికి ఇది తలకిందులు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు రక్తనాళాలు విచ్చుకుంటాయి, రక్తం ఎక్కువే వెళ్తుంది. మామూలుగా 35-45 మి.మీ. (పాదరసం) ఉండే దాని పీడనం ఒక్క మి.మీ. పెరిగినా ప్రసరణ సుమారు 3-4 శాతం పెరుగుతుంది. వెలుతురు చూసినప్పుడు తల వెనక ఉండే దృష్టి కేంద్రానికి అదనంగా రక్తం రావాలి. నాళాలు ముందే విచ్చుకుని ఉంటే ఆ అదనానికి చోటు తగ్గుతుంది, ఫంక్షనల్ ఎమ్మారైలో సంకేతం కూడా చిన్నగా కనిపిస్తుంది. కానీ మీ దిమ్ముకు కారణం ఆ స్కాన్ చెప్పదు. డబ్బు దండగ.

మూసిన గదిలో ఆ వాయువు కొంత పెరుగుతుంది. ఊపిరితిత్తులు బాగుంటే శ్వాస కాస్త పెరిగి దాన్ని బయటికి నెట్టేస్తుంది. నన్ను కలవరపెడుతున్నది గురక, దానిపైన ఆల్‌ప్రాజోలం. గురకలో గొంతు మూసుకుని ఊపిరి ఆగుతుంటే, ఈ మాత్ర గొంతు కండరాలను ఇంకా వదులు చేసి, మెలకువ రాకుండా ఆపుతుంది. రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే పొద్దున తలనొప్పి రావచ్చు. ఆక్సిమీటర్ ఆ వాయువును కొలవదు, పైగా మీరు చూసింది మెలకువలో. మైగ్రేన్, బీపీ కూడా కారణాలు కావచ్చు, చూడకుండా తేల్చలేను.

రెండేళ్లు చీటీ లేకుండా ఎలా కొన్నారండీ? అలాగని రేపే ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి మోతాదు తగ్గించాలి. ఆక్సిజన్ సిలిండర్ కూడా సొంతంగా పెట్టుకోవద్దు. కార్బన్ డయాక్సైడ్ నిలిచేవారిలో అది ఇంకా పెరగొచ్చు.

పొద్దున లేవగానే బీపీ, మెడ చుట్టుకొలత, రక్తంలో బైకార్బొనేట్ (కార్బన్ డయాక్సైడ్ చాలాకాలం నిలిస్తే పెరిగేది) చూపించుకోండి. బైకార్బొనేట్ లీటరుకు 27 మిల్లీమోల్స్‌కు చేరితే ధమని రక్త పరీక్ష, స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసను గమనించే పరీక్ష) అడుగుతాం. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనైనా, మీ దగ్గర్లో ఛాతీ వైద్యుడి దగ్గరైనా చూపించుకోండి. హఠాత్తుగా తట్టుకోలేని తలనొప్పి, మాట తడబాటు, చెయ్యి బలహీనత కనిపిస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్లండి. గురక మధ్యలో ఊపిరి 10 సెకన్లకు మించి ఆగుతోందా అన్నది వాళ్లకే తెలుస్తుంది. ఒక రాత్రి ఫోన్‌లో రికార్డు చేసుకెళ్లినా చాలు.