టైమర్ చూసేవాళ్లకి పెళ్లికార్డు చూపించకు

అమ్ములూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి "మామయ్యా, నా పెళ్లి వీడియో కార్డుల సైటుకి ట్రాఫిక్ ఎక్స్ఛేంజ్ నుంచి రోజుకి 400 మంది వస్తున్నారు, ఒక్క ఆర్డరు కూడా రాలేదు" అన్నప్పుడు స్పీకర్ ఆన్‌లో ఉంది. ట్రాఫిక్ ఎక్స్ఛేంజ్ అన్న మాట చెవిన పడి మీ అత్తయ్య "ఇంత రాత్రివేళ అది పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఏం చేస్తోంది?" అని కంగారు పడింది. తర్వాత నవ్వుకున్నాం అనుకో. ఫోన్‌లో చెప్తే సగం విని "సరే మామయ్యా" అంటావు కాబట్టి ఇలా రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు ఆ 400 మంది ఎవరో చూడు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో గేట్లు ఇంకా తీయని వేళ ఎలా ఉంటుందో ఊహించుకో. కొనేవాళ్లు లోపలికి రాలేదు. స్టాళ్లవాళ్లే ఒకరి స్టాలు ముందు ఒకరు తిరుగుతుంటారు. "నీ స్టాలు నేను చూశాను, ఇక నా స్టాలు నువ్వు చూడు" అన్నదే అక్కడి ఒప్పందం. ట్రాఫిక్ ఎక్స్ఛేంజ్ అచ్చంగా అదే. నువ్వు పది సైట్లు చూస్తే క్రెడిట్లు వస్తాయి, ఆ క్రెడిట్లు ఖర్చుపెట్టి నీ సైటు ఇంకొకరికి చూపిస్తారు. ఆ ఇంకొకరు ఏ దేశంలోనో కూర్చుని, తన క్రెడిట్ కోసం పేజీ పైన నడిచే టైమర్ సున్నాకి ఎప్పుడొస్తుందా అని చూస్తూ, తన సైటు గురించి ఆలోచించుకుంటున్న మనిషి. అతనికి నువ్వు తెలుగు పెళ్లి ఆహ్వానం వీడియో చూపిస్తున్నావు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా, మంగళవాద్యం ఎంత బాగా మోగినా, అతనింట్లో పెళ్లి లేదు. ఉన్నా తెలుగు రాదు.

కాబట్టి నీ డిజైన్‌లో లోపం ఉందేమో అని టెన్షన్ పడకు. తెచ్చిన చోటు వేరు, అమ్మే సరుకు వేరు, అంతే.

ఈ లెక్క మరో వైపు నుంచి కూడా చూడాలి. చాలా ఎక్స్ఛేంజ్‌లలో ఉచిత సభ్యులకి రెండు సైట్లు చూస్తే ఒక విజిట్ ఇస్తారు. మిగిలిన ఆ ఒక్క చూపు ఏమవుతోందని నువ్వెప్పుడైనా అడిగావా? అది నిర్వాహకుడి చేతిలో ఉంటుంది. దాన్నే అతను క్రెడిట్ల ప్యాకేజీగా అమ్ముకుంటాడు, లేదా డబ్బు కట్టి అప్‌గ్రేడ్ అయిన సభ్యులకి ఇస్తాడు. ఇది కొత్త కిటుకు కాదు. 1996లో అమెరికాలో లింక్‌ఎక్స్ఛేంజ్ అని ఒక కంపెనీ బ్యానర్లతో ఇదే పని చేసింది. నీ సైటులో వాళ్ల బ్యానర్ రెండుసార్లు చూపిస్తే నీ బ్యానర్ వేరే చోట ఒకసారి చూపేవారు. మిగిలినది అమ్ముకునేవారు. మూడేళ్లు తిరగకుండా 1998లో దాన్ని మైక్రోసాఫ్ట్ 26.5 కోట్ల డాలర్లకి కొన్నది. చిల్లర మిగులు ఎంత దూరం వెళ్తుందో చూశావా! అందులో తప్పేమీ లేదు, వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ "ఫ్రీ" అని నువ్వు అనుకుంటున్నదానికి నీ గంటలతో చెల్లిస్తున్నావు.

టైమర్ 20 సెకన్లు అనుకో. పేజీ తెరుచుకోవడం, తర్వాత చూస్తున్నది మనిషేనని రుజువుకి అడిగే ఆ బొమ్మలు జత చేసి క్లిక్ చేయడం కలిపితే సైటుకి అర నిమిషం పడుతుంది. గంటకి 120 సైట్లు. రెండుకి ఒకటి లెక్కన నీకు దక్కేది 60 విజిట్లు. ఆ గంటలో నువ్వు ఒక వీడియో కార్డుకి సగం పని చేసి ఉండేదానివి. కొన్ని చోట్ల చిన్న క్రెడిట్ల ప్యాకేజీ కొనుక్కోవడమే నీ గంట కన్నా చవక పడుతుంది. రోజుకి అరగంట, అలారం పెట్టుకుని సర్ఫ్ చేయి, అంటే క్రెడిట్ల కోసం సైట్లు చూడు. అంతకు మించితే వదిలెయ్.

ఆటోసర్ఫ్ సంగతి, అదే, మనిషి క్లిక్ చేయకుండానే సైట్లు వాటంతటవే మారిపోయే రకం. నీ 400లో సగం దాని నుంచే వస్తున్నాయని చెప్పావు. అమీర్‌పేటలో నాకు నెట్ సెంటర్ ఉన్న రోజుల్లో కోచింగ్ పిల్లలు వెళ్లిపోయాక ఆరు సిస్టమ్‌లూ రాత్రంతా ఆటోసర్ఫ్‌లో పెట్టి ఇంటికెళ్లేవాణ్ణి. పొద్దున వచ్చేసరికి నా సైటుకి వేలల్లో హిట్లు. మీసం మెలేసుకునేవాణ్ణి. కొన్ని నెలలకి గానీ వెలగలేదు, నా ఖాళీ కుర్చీలు ఎవరి సైట్లు చూస్తున్నాయో వాళ్ల ఖాళీ కుర్చీలే నా సైటు చూస్తున్నాయని. నిజంగా వచ్చింది కరెంటు బిల్లు ఒక్కటే. ఆటోసర్ఫ్ ఇవాళే ఆపెయ్. చేస్తే మనిషి క్లిక్ చేయాల్సిన మాన్యువల్ సర్ఫే చేయి. వాళ్లూ ఒకేసారి నాలుగైదు ట్యాబ్‌లు తెరుచుకుని కూర్చుంటారు, కానీ కనీసం మనిషంటూ ఉంటాడు.

సైట్లు చూస్తే డబ్బిస్తామనే రకం ఇంకా ప్రమాదం. అందులోనూ నేను కొంత పోగొట్టుకున్నాను, ఎంతో మీ అత్తయ్యకి ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పకు. ఆ కాలంలో 12డైలీప్రో అని ఒకటి వెలిగింది. డబ్బు కట్టి రోజుకి 12 పేజీలు చూడు, రోజుకి 12 శాతం చొప్పున 12 రోజులు ఇస్తాం అన్నారు. అంటే 12 రోజుల్లో 44 శాతం లాభం. కొత్తగా చేరేవాళ్ల డబ్బే పాతవాళ్లకి ఇస్తున్నారని 2006 ఫిబ్రవరిలో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ కోర్టుకి ఎక్కించింది. అప్పటికే 3 లక్షల మందికి పైగా 5 కోట్ల డాలర్లకు పైగా పోశారు. సైట్లు చూసినందుకు ఎవరైనా డబ్బు ఇస్తానంటే, అది ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కసారి అడుగు. "ముందు కొంచెం కట్టండి" అంటే ఆ ట్యాబ్ మూసెయ్.

ఇంకొకటి, ఇది వెంటనే చూడాలి. నీ ముహూర్తాల పేజీలో గూగుల్ వాళ్ల యాడ్‌సెన్స్ ప్రకటనలు ఉన్నాయి కదా. 2018 చివర్లో తెలుగుకి యాడ్‌సెన్స్ వచ్చినప్పుడు మనవాళ్లంతా ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. ఆటోసర్ఫ్, పెయిడ్ టు సర్ఫ్, క్లిక్ ఎక్స్ఛేంజ్ లాంటి చోట్ల నుంచి తెచ్చిన చూపులు చెల్లవని వాళ్ల నియమాల్లోనే ఉంది. ఖాతా పోతుంది. ప్రకటనలున్న పేజీ ఏదీ ఎక్స్ఛేంజ్‌లో పెట్టకు, ఉన్నవి ఈ రాత్రికే తీసెయ్.

ఇంత చెప్పాక మరి ఎక్స్ఛేంజ్ ఎందుకు అంటావు. అసలు విషయం ఇక్కడే ఉంది. గేటు తీయని నుమాయిష్‌లో చీరలు అమ్ముడుపోవు గానీ, స్టాలు బోర్డులు రాసేవాడికి మంచి బేరం. అక్కడున్న వాళ్లందరికీ కావలసింది ఒకటే, అయిదు సెకన్లలో కన్ను లాగే పేజీ. దాన్ని వాళ్లు స్ప్లాష్ పేజీ అంటారు. వాళ్లలో చాలామందివి చూశావుగా, ఎర్ర అక్షరాలు, పసుపు బాణాలు, చదవలేని గంపెడు ఇంగ్లీషు. నీ పనేమిటి? 30 సెకన్లలో పెళ్లికూతురు, పెళ్లికొడుకు, తేదీ, ఊరు, హాలు అన్నీ చెప్పి మళ్లీ మళ్లీ చూడాలనిపించేలా చేయడం. అదే చేతితో వాళ్లకి స్ప్లాష్ పేజీలు, బ్యానర్లు చేసిపెట్టు. పెళ్లికార్డు సైటు వేరుగా ఉంచి, దీనికి ఒక్క చిన్న ఇంగ్లీషు పేజీ తయారుచేయి.

ఆ పేజీ ఎలా ఉండాలో చెప్తాను. పైన ఒక్క వాక్యం, కింద ఒక్క బొమ్మ, ఒక్క బటన్. "మీ పేజీకి ఉచిత స్ప్లాష్ డిజైన్ ఒకటి, ఈమెయిల్ ఇవ్వండి" అనే అర్థం వచ్చేలా. వాట్సాప్ బటన్ వద్దు, మెనూ వద్దు, మీ ఇంటి అడ్రస్ అసలే వద్దు. దానంతటదే మోగే సంగీతం పెట్టావో, పక్క గదిలో పిల్లాడు పడుకున్న మనిషి ఉలిక్కిపడి ట్యాబ్ మూసేస్తాడు. సన్నాయి ఎంత బాగున్నా సరే. బొమ్మ తేలిగ్గా ఉండాలి. టైమర్ నడుస్తుండగా పేజీ ఇంకా తెరుచుకుంటూ ఉంటే నీ క్రెడిట్ గంగలో కలిసినట్టే. అక్కడ ఎవరూ కొనరు, కొనమని అడగకు. ఈమెయిల్ ఒక్కటే అడుగు. మాట కలిపాక బేరం వస్తుంది. ఈమెయిల్ ఎందుకు తీసుకుంటున్నావో పక్కనే రాయి, వద్దనుకుంటే తప్పుకునే లింకు ప్రతి ఉత్తరంలో పెట్టు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా అనుమతి అడగమనే అంటోంది. చట్టం సరే, అడగకుండా తోసేవాడి ఉత్తరం ఎవడు చదువుతాడు?

పెట్టిన పేజీ నిజంగా కనిపిస్తోందా అని తప్పకుండా చూడు. నువ్వు పోయిన వారం పెట్టిన లింకు నేను తెరిచి చూస్తే తెల్ల కాగితంలా ఉంది. ఎక్స్ఛేంజ్‌లో పైన టైమర్ పట్టీ, కింద ఫ్రేములో నీ సైటు తెరుచుకుంటాయి. నీ హోస్టింగ్‌లోనో సెక్యూరిటీ ప్లగిన్‌లోనో ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ అనే అమరిక ఉంటే బ్రౌజర్ ఆ ఫ్రేములో నీ పేజీని చూపించదు. పెద్ద సైట్లు చాలావరకు ఇలాగే కట్టడి చేసుకుంటాయి, మోసాల నుంచి కాపాడుకోవడానికి. మెయిన్ సైటుకి అది అలాగే ఉండనీ, మంచిదే. ఈ చిన్న పేజీకి మాత్రం వేరే సబ్‌డొమైన్, అంటే నీ సైటు పేరుకి ముందు ఇంకో మాట చేర్చిన అడ్రస్, పెట్టి అక్కడ ఆ అమరిక తీసెయ్. లింకు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవకపోయినా ఇదే గతి. నువ్వు ఎన్ని వందల క్రెడిట్లు ఆ తెల్ల కాగితం మీద పోశావో తలుచుకుంటే నాకే ప్రాణం ఉసూరుమంది.

అంకెల విషయంలో కూడా మోసపోకు. గూగుల్ అనలిటిక్స్‌లో ఎంగేజ్డ్ సెషన్లు బాగా పెరిగాయని మురిసిపోయావు. పేజీ 10 సెకన్ల కన్నా ఎక్కువ తెర మీద ఉంటే చాలు, అది ఎంగేజ్డ్ అని లెక్క కడుతుంది. ఎక్స్ఛేంజ్ టైమరే 15, 20 సెకన్లు మనిషిని కట్టేసి కూర్చోబెడుతుంది. ఇక పెరగక ఏం చేస్తుంది? ఆ 10ని సెట్టింగ్స్‌లో 60 వరకు పెంచుకోవచ్చు, పెంచు. ఒక్కో ఎక్స్ఛేంజ్‌లో పెట్టే లింకు చివర ఒక్కో యూటీఎమ్ ట్యాగ్ అనే గుర్తు తగిలించు, ఎక్కడి నుంచి ఎవరు వచ్చారో విడివిడిగా తెలుస్తుంది. నిజానికి నువ్వు నోట్‌బుక్‌లో రాసుకోవలసింది ఒక్కటే: ఇన్ని క్రెడిట్లు ఖర్చుపెడితే ఇన్ని ఈమెయిల్స్ వచ్చాయి. రెండు డిజైన్లు చేయి, రెండింటికీ చెరో 500 క్రెడిట్లు ఇవ్వు. ఎక్కువ ఈమెయిల్స్ తెచ్చినదాన్ని ఉంచి రెండోది తీసెయ్. వారం తర్వాత కొత్త డిజైన్‌తో దానికి పోటీ పెట్టు. ఇంత చవగ్గా డిజైన్‌ని పరీక్షించుకునే చోటు ఇంకోటి దొరకదు. నాకు ఎక్స్ఛేంజ్‌ల మీద ఇంకా కాస్త గౌరవం మిగిలి ఉందంటే అందుకే.

ఈ చూపుల వల్ల గూగుల్ వెతుకులాటలో నీ సైటు పైకి వస్తుందని ఎవరో చెప్పారన్నావు. రాదు. చూపులు వేరు, వేరే సైట్లు నీ సైటుకి ఇచ్చే లింకులు వేరు.

సర్ఫ్ చేసేటప్పుడు వేరే బ్రౌజర్ ప్రొఫైల్, వేరే ఈమెయిల్, వేరే పాస్‌వర్డ్ వాడు. బ్యాంకు తెరిచిన బ్రౌజర్‌లో ఆ పని చేయకు. ఏ పేజీ ఎలాంటిదో తెలియదు. నోటిఫికేషన్లు అనుమతించమంటే వద్దను, ఏదైనా దింపుకోమంటే ఆ సైటుని అక్కడే రిపోర్ట్ చేయి. రెఫరల్స్ కోసం బంధువులందరినీ చేర్చే పని పెట్టుకోకు. వాళ్లు సర్ఫ్ చేస్తే నీకు కొన్ని క్రెడిట్లు రాలుతాయి నిజమే, కానీ మూడో రోజుకి అందరూ మానేస్తారు, ఆ తర్వాత పెళ్లిళ్లలో నిన్ను చూసి మొహం తిప్పుకుంటారు.

ఇక పెళ్లికార్డులు. వాటి గిరాకీ మన ఊళ్లోనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చుని ప్రపంచమంతా తిరగడం దేనికి, ఒక శనివారం నాతో చత్తా బజార్ రా. అక్కడ కార్డులు అచ్చువేసే షాపులు వరసగా ఉన్నాయి. కార్డుకి వచ్చినవాళ్లు "వాట్సాప్‌లో పంపడానికి వీడియో కూడా చేస్తారా" అని అడుగుతూనే ఉంటారు. అయిదు షాపుల్లో నీ శాంపిల్ ఫోన్‌లో వేసి చూపించి, ఆర్డరుకి ఇంత వాటా అని మాట్లాడుకుందాం. బేరం నేను ఆడతాను, నువ్వు మధ్యలో "పర్లేదండీ" అనకు చాలు. ముహూర్తాలున్న నెలల్లో దానికే సమయం సరిపోదు. ఎక్స్ఛేంజ్ పని ఆషాఢానికి, మూఢానికి ఉంచుకో, ఎలాగూ అప్పుడు చేతిలో ఆర్డర్లుండవు.

స్ప్లాష్ పేజీ మొదటి డిజైన్ అయ్యాక లింకు పంపు. అయిదు లెక్కపెట్టేలోపు ఏం అర్థమైందో చెప్తాను. మీ అత్తయ్యకి కూడా చూపిస్తాను, ఆవిడకి మూడు చాలు.

మీ మామయ్య